సినిమా సందేహాలు: సైబీరియా నుంచి హిమాలయాల దాకా

ప్రశ్న: సైబీరియా నిర్బంధ శిబిరం నుంచి పారిపోయిన ఖైదీలు కాలినడకన హిమాలయాలు దాటి భారతదేశం చేరినట్టు ‘ది వే బ్యాక్’ చిత్రంలో చూశాను. ఇది నిజంగా జరిగిందా? ఆ రోజుల్లో పోలండ్ వారు అసలు మన దేశానికి వచ్చారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ నడక జరిగిందని నమ్మడానికి తగిన ఆధారం లేదు. పీటర్ వీర్ 2010లో తీసిన ఈ చిత్రానికి ప్రేరణ, పోలండ్ సైనికుడు స్లావొమీర్ రావిచ్ పేరిట 1956లో వెలువడిన ‘ది లాంగ్ వాక్’ అనే పుస్తకం. 1941లో కొందరు తోటి ఖైదీలతో శిబిరం నుంచి తప్పించుకుని, మంగోలియా, గోబీ ఎడారి, టిబెట్‌ల మీదుగా సుమారు 6,500 కిలోమీటర్లు నడిచి భారతదేశం చేరుకున్నామని ఆయన అందులో చెప్పుకున్నాడు. దారిలో యతిని (హిమాలయాల్లో తిరుగుతుందని చెప్పుకునే మంచుమనిషిని) పోలిన రెండు జీవులు కూడా ఎదురుపడ్డాయట! తీరా 2006లో బీబీసీ వెలికితీసిన పత్రాలను బట్టి, వాటిలో రావిచ్ స్వయంగా రాసినది కూడా ఉండగా, ఆయన పారిపోలేదనీ, 1942లో విడుదలై ఇరాన్‌కు చేరాడనీ తేలింది. ఆ నడక తనదేనంటూ తర్వాత మరొక పోలండ్ దేశస్థుడు ముందుకొచ్చినా, ఆ మాటకూ గట్టి రుజువు దొరకలేదు.

మూలకథ బొంకేనని తేలినా చిత్రాన్ని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. మంచుగాలికి ముఖం కోసుకుపోకుండా చెట్టు బెరడుతో ముసుగులు చేసుకోవడం, తోడేళ్లను తరిమి అవి చంపిన జంతువు పచ్చిమాంసం మీద తామే ఎగబడడం వంటి ఘట్టాల్లో దర్శకుడు ఎక్కడా వీరత్వాన్ని పులమలేదు. యతి ప్రస్తావన జోలికి పోకపోవడం మరీ మంచిదైంది. ముగింపులో దశాబ్దాల చరిత్రను హడావుడిగా చుట్టేయడం మాత్రం నాకు రుచించలేదు.

ఇక మీ రెండో సందేహానికి వస్తే, వచ్చారు, అయితే వారు వచ్చిన దారి వేరు. 1941 జూన్‌లో జర్మనీ దాడి చేయడంతో సోవియట్ ప్రభుత్వం పోలండ్ ప్రవాస ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, తాను నిర్బంధించిన పోలండ్ పౌరులకు క్షమాభిక్ష ప్రకటించింది. అలా బయటపడినవారిలో, విడుదలైన పోలండ్ వారితోనే ఏర్పడిన జనరల్ ఆండర్స్ సైన్యంతో పాటు ఎందరో స్త్రీలు, పిల్లలు 1942లో ఇరాన్ చేరారు. సోవియట్ భూమి నుంచి తరలించిన అనాథ బాలబాలికలకు నవానగర్ పాలకుడు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ జామ్‌నగర్ సమీపంలోని బాలాచడిలో ఆశ్రయమిచ్చాడు. కొల్హాపూర్ దగ్గరి వలివడెలో అంతకంటే పెద్ద శిబిరమే వెలసింది. అక్కడ వేలమంది పోలండ్ శరణార్థులు యుద్ధం ముగిసిన తర్వాత కూడా కొంతకాలం నివసించారు.