క్యాన్సర్ మాత్ర 20 మిల్లీగ్రాములతోనే ఎందుకు మొదలుపెట్టారు?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. సీఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అన్నారు. రిపోర్టులో "17పీ డిలీషన్" అని వచ్చింది, దానికి కీమో సరిగ్గా పనిచేయదట. వెనెటోక్లాక్స్ మాత్ర రాశారు, కానీ రోజుకు 20 మిల్లీగ్రాములే! ఇంత జబ్బుకి ఆ డోసు సరిపోతుందా? ఈ మందుకి కణాలు వాటంతటవే చచ్చిపోతాయన్నారు, అదెలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: డోసు తగ్గించింది మందు బలహీనమని కాదమ్మా, అది మరీ వేగంగా పనిచేస్తుందని.

మన ఒంట్లో కణాలకి తమను తామే ముగించుకునే ఏర్పాటు ఉంటుంది. కడుపులో బిడ్డ చెయ్యి మొదట తెడ్డులా ఉంటుంది, మధ్యలో కణాలు చచ్చిపోతేనే వేళ్లు విడివడతాయి. కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1972లో దీనికి అపోప్టోసిస్ అని పేరుపెట్టారు, గ్రీకులో ఆకులు రాలడమని.

కణంలో డీఎన్‌ఏ బాగా పాడైతే పీ53 అనే ప్రొటీన్ హెచ్చరిక పంపుతుంది, బాక్స్, బాక్ అనే ప్రొటీన్లు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొరకి చిల్లులు పెడతాయి, అందులోంచి సైటోక్రోమ్ సీ అనే ప్రొటీన్ బయటికొచ్చి కాస్పేజ్ అనే ఎంజైములని నిద్రలేపుతుంది, ఇక అవి కణాన్ని లోపలినుంచే ముక్కలు చేసేస్తాయి. దీన్నంతా మధ్యలో పట్టి ఆపేది బీసీఎల్-2 అనే ప్రొటీన్. మెల్‌బోర్న్‌లో వాక్స్, కోరీ, ఆడమ్స్ అనే శాస్త్రవేత్తలు 1988లో దీని జన్యువుని రక్తకణాల్లో పెట్టి, అవి బతకడానికి కావలసిన పదార్థం తీసేశారు. కణాలు పెరగలేదు, కానీ చావనూ లేదు! క్యాన్సరంటే విపరీతంగా పెరగడమనే అనుకుంటాం కదా, చావాల్సినవి చావకపోవడం కూడా క్యాన్సరేనని అప్పుడు అర్థమైంది. మీ నాన్నగారి జబ్బు సరిగ్గా అదే, ఆ కణాల్లో బీసీఎల్-2 దండిగా ఉంటుంది.

కీమో చాలావరకు పీ53 మీద ఆధారపడుతుంది. దాన్ని తయారుచేసే జన్యువు ఉండేది 17పీలోనే, అంటే 17వ క్రోమోజోము పొట్టి భాగంలో, మీ నాన్నగారి క్యాన్సర్ కణాల్లో ఆ ముక్కే పోయింది. వెనెటోక్లాక్స్‌కి దాంతో అంత పనిలేదు, నేరుగా వెళ్లి బీసీఎల్-2 గాడిలో కూర్చుని, అది పట్టి ఉంచిన, కణాన్ని చంపే ప్రొటీన్లని వదిలిస్తుంది. 2016లో అమెరికాలో దీనికి మొదటి అనుమతి ఇచ్చింది 17పీ పోయిన సీఎల్ఎల్ వాళ్ల కోసమే.

కణాలన్నీ ఒక్కసారిగా చస్తే వాటిలోని పొటాషియం, ఫాస్ఫేటు రక్తంలోకి వస్తాయి, యూరిక్ ఆమ్లం పెరుగుతుంది, కిడ్నీలు తట్టుకోలేవు, గుండె లయ తప్పుతుంది. అందుకే వారానికో మెట్టు: 20, 50, 100, 200, చివరికి 400. మధ్యలో రక్తపరీక్షలు దాటవేయొద్దు, డాక్టరు వద్దనకపోతే నీళ్లు బాగా తాగించండి, మాత్ర భోజనంతోనే. గ్రేప్‌ఫ్రూట్ అసలు పెట్టకండి, పంపర పనస దానికి దగ్గరి చుట్టమే కాబట్టి అదీ వద్దు. మెడికల్ షాపులో సొంతంగా యాంటీబయాటిక్ కొనివ్వొద్దు, కొన్ని ఈ మందు మోతాదుని రక్తంలో పెంచేస్తాయి. మూత్రం తగ్గినా, గుండె దడగా ఉన్నా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.