రెండెకరాల సేంద్రియ సేద్యంతో ఇల్లు గడుస్తుందా?

ఇద్దరూ ఐటీలో ఉన్నామని, బెంగళూరు పక్కన దొడ్డబళ్ళాపుర వైపు బోరుతో రెండెకరాలు ఉందని, ఉద్యోగాలు మానేసి ఇంటిల్లిపాదీ సేంద్రియ వ్యవసాయంలోకి దిగొచ్చా అని అడిగారు. దిగండి, కానీ ఒకరి జీతం మాత్రం ఇంకో మూడేళ్ళు వస్తూ ఉండాలి. అనంతపురం నుంచి వచ్చి మేమూ అటువైపే సేద్యం చేస్తున్నాం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మూడేళ్ళు ఎందుకంటే, రసాయనాలు వాడిన నేలకు సేంద్రియమని సర్టిఫికెట్ రావాలంటే ఏడాది పంటలకు 2 ఏళ్ళు, పండ్ల తోటలకు 3 ఏళ్ళు ఆగాలి. అప్పటిదాకా ఖర్చు సేంద్రియానిది, ధర మాత్రం మామూలు కూరగాయలదే. ఆ సర్టిఫికెట్‌కు చిన్న రైతులకు పీజీఎస్, అంటే రైతులే ఒకరికొకరు హామీ ఇచ్చుకునే పద్ధతి నయం. కనీసం ఐదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. పక్క పొలంలో కొట్టే మందు మీ పైరు మీద పడకుండా గట్ల వెంట గ్లైరిసిడియా చెట్లు నాటండి. దాని రొట్ట ఎరువుగానూ పనికొస్తుంది.

అక్కడి ఎర్రనేలల్లో సారం తక్కువ. ముందు జనుము చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. జీవామృతం అనే ద్రవ ఎరువు ఇంట్లోనే అవుతుంది. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 10 లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. అయితే అదొక్కటే పోస్తే చాలు, పశువుల ఎరువు అక్కర్లేదు అనే మాట నేను ఒప్పుకోను. ఒక ఆవునైనా పెట్టుకోండి.

టమాటా జోలికి ఇప్పుడే పోకండి. ఆకుముడత తెగులు, ఆకునూ కాయనూ తొలిచే ఊజీ పురుగు వచ్చాయంటే మందు లేకుండా కాపాడడం కొత్తవాళ్ళ వల్ల కాదు. వానకు రాగి, మధ్యలో అనప సాళ్ళు, బోరు కింద ఆకుకూరలు. అనప అంటే బెంగళూరుకు ప్రాణం. చలికాలంలో కాయ మీద జిడ్డుగా పట్టే ఆ ఘాటైన వాసన చూసే ఇక్కడివాళ్ళు కొంటారు. మనవాళ్ళైతే పితికిన పప్పు కూర కోసం అడిగి మరీ తీసుకెళ్తారు.

అసలు టెన్షన్ అమ్మకం దగ్గరే. మార్కెట్‌లో మీ తోటకూరకూ పక్కవాళ్ళ తోటకూరకూ ఒకటే ధర. అందుకే విత్తనం చల్లకముందే బెంగళూరులో యలహంక వైపు అపార్ట్‌మెంట్లలో తెలిసిన కుటుంబాలతో మాట్లాడి, వారానికో బుట్ట చొప్పున నెల డబ్బు ముందే తీసుకోండి. ఏది కోతకొస్తే అదే ఇస్తామని మొదటే చెప్పాలి. మా ఇంట్లో తెల్లవారుజామున అత్తగారు, మా ఆవిడ కొత్తిమీర వేళ్ళతో సహా పీకి, మట్టి కడిగి, తడి గోనెసంచిలో చుడతారు. ఎండెక్కాక కోసిన కట్ట మధ్యాహ్నానికే వాడిపోతుంది. అలాంటిది ఒక్కసారి ఇచ్చినా ఆ ఇల్లు మళ్ళీ అడగదు. పురుగు తిన్న ఆకు ఉంటే దాచకుండా చెప్పండి, నమ్మకం పెరుగుతుంది.

కలుపు తీయడానికి కూలీలు దొరకడం కష్టం, కాబట్టి ఇంటివాళ్ళు చేయగలిగినంతే వేయండి. అటు భూగర్భజలం బాగా లోతుకు పోయింది. మీ బోరు ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని గంటలు ఆగకుండా పోస్తుందో చూసి, దాన్నిబట్టి ఆకుకూర మడులు ఎన్నో లెక్క వేసుకోండి.