స్టీరింగ్ పొట్టు రాలుతోంది, అరచేతులు పగులుతున్నాయి: రెండింటికీ సంబంధం ఉందా?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. ఆఫీసుకు రానూ పోనూ రోజూ రెండు గంటలు కారు నడుపుతాను. కారు కొని తొమ్మిదేళ్లయింది. స్టీరింగ్ మీది తోలు అరిగిపోయి, చేతులు పట్టుకునే చోట జిగటగా తయారైంది. నల్లటి పొట్టు వేళ్లకు అంటుకుంటోంది. మూడు నెలలుగా రెండు అరచేతుల్లో, వేళ్ల పక్కల దురదగా ఉంటోంది. చర్మం ఎండిపోయి పగుళ్లు కూడా వచ్చాయి. క్రిముల వల్లేమోనని స్టీరింగ్‌ను రోజూ శానిటైజర్‌తో, తడి వైప్స్‌తో తుడుస్తున్నాను. అయినా దురద తగ్గలేదు, జిగట ఇంకా పెరిగింది. పెట్రోల్‌తో తుడిస్తే పోతుందని ఒక స్నేహితుడు చెబుతున్నాడు. ఈ పొట్టు ఒంట్లోకి వెళ్తే ప్రమాదమా? స్టీరింగ్‌ను ఎలా శుభ్రం చేయాలి? చేతులకు ఏం రాయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు

జవాబు: ముందు పెట్రోల్ సంగతి. దయచేసి ఆ పని చేయకండి. పెట్రోల్, థిన్నర్, ఎసిటోన్ లాంటివి తోలు మీద మిగిలిన కాస్త పూతను కూడా కరిగించేస్తాయి. ఇప్పటికే పగిలి ఉన్న మీ అరచేతుల్లోని నూనెను పూర్తిగా లాగేస్తాయి. మూసి ఉన్న కారులో ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు, నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. మీ స్నేహితుడు మంచి కోరే చెప్పి ఉంటారు, కానీ ఈ సలహా మాత్రం వద్దు. దాంతోపాటు స్టీరింగ్‌కు శానిటైజర్, వైప్స్ వాడటం కూడా ఈ రోజే ఆపేయండి. మీరు రాసింది చదివాక నాకు స్టీరింగ్ మీది మురికి కన్నా, ఆ మురికిని పోగొట్టడానికి మీరు వాడుతున్న వాటి మీదే ఎక్కువ అనుమానంగా ఉంది.

ఎందుకో చెబుతాను. స్టీరింగ్‌కు తొడిగే తోలు మీద రంగు, ఆ రంగు మీద పాలీయురేథేన్ అనే పల్చటి పూత ఉంటాయి. మన చేయి రోజూ తగిలేది తోలుకు కాదు, ఈ పూతకే. ఏళ్ల తరబడి చెమట, ఒంటి నూనె, చేతులకు రాసుకున్న క్రీములు, ఎండ వేడి కలిసి దాన్ని మెత్తబరుస్తాయి. ఎండలో నిలిపిన కారులో స్టీరింగ్ వేడి 50 డిగ్రీల సెల్సియస్ కూడా దాటగలదు. సన్‌స్క్రీన్ లోషన్లు, దోమలు కుట్టకుండా రాసుకునే మందుల్లోని డీట్ అనే రసాయనం ఈ పూతను ఇంకా త్వరగా పాడుచేస్తాయి. ఇక చేతుల శానిటైజర్‌లో సాధారణంగా 60 శాతం పైగా ఆల్కహాలే ఉంటుంది. చేతులు తడి ఆరకముందే స్టీరింగ్ పట్టుకున్నా పూత కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. మీరు మూడు నెలలుగా నేరుగా దానితోనే తుడుస్తున్నారు. జిగట పెరగడానికి అదే ముఖ్య కారణం అయి ఉండవచ్చు.

తోలు కూడా ఒకప్పటి చర్మమే. మన చర్మం పైపొరకు కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది, పీహెచ్ 5కు అటూ ఇటూగా (పీహెచ్ 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). పదును పెట్టిన, అంటే కుళ్లకుండా శుద్ధి చేసిన, తోలుదీ ఆమ్ల గుణమే. మామూలు సబ్బు బిళ్ల పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. ఘాటైన సబ్బు, ఆల్కహాల్, గట్టిగా రుద్దడం ఈ రెండింటికీ పడవు. అయితే మన చర్మం కొన్ని వారాల్లో తనను తాను బాగుచేసుకోగలదు, తోలుకు ఆ శక్తి లేదు. అందుకే మీ చేతుల గురించి నాకు ఆశ ఎక్కువ.

ఇప్పుడు చేతుల సంగతి చూద్దాం. చేతికి ఏదో ఒకటి తగలడం వల్ల వచ్చే ఎగ్జిమా, అంటే దురద, పగుళ్లతో చర్మం పాడవడం, రెండు రకాలు. మొదటిది ఒరుపు వల్ల వచ్చేది. సబ్బు, ఆల్కహాల్, డిటర్జెంట్, పదేపదే తడవడం, రాపిడి, ఇవన్నీ కలిసి చర్మపు రక్షణ పొరను అరగదీస్తాయి. ఇది ఎవరికైనా రావచ్చు, ఎక్కువ మందిలో మేం డాక్టర్లం చూసేది ఇదే. రెండోది అలర్జీ. ఒక ఫలానా పదార్థాన్ని శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత అది కొంచెం తగిలినా దురద, ఎరుపు, నీటి పొక్కులు వస్తాయి. ఇది వెంటనే బయటపడదు. తగిలిన ఒకటి నుంచి మూడు రోజులకు కనిపించడం మామూలు. సోమవారం తగిలినదానికి బుధవారం దురద పుడితే, మనం బుధవారం ముట్టుకున్నదాన్ని అనుమానిస్తాం. చాలామంది పొరపడేది ఇక్కడే.

మీ విషయంలో అలర్జీ కలిగించగలవి మూడు ఉన్నాయి. తోలును పదును పెట్టడానికి ఎక్కువగా క్రోమియం లవణాలు వాడతారు. పైపూత బాగున్నంత కాలం అవి చేతికి పెద్దగా తగలవు. పూత లేచిపోయి, అరచేతికి చెమట పట్టినప్పుడు కొద్దికొద్దిగా బయటికి వస్తాయి. క్రోమియం అలర్జీ ఉన్నవారికి ఆ మాత్రం చాలు. ఐరోపా యూనియన్‌లో 2015 నుంచి, చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో ఆరు సంయోజకత గల క్రోమియం (క్రోమియం రూపాల్లో ఎక్కువ హాని చేసేది) కిలోకు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలన్న నిబంధన పెట్టింది ఇలాంటి అలర్జీలు తగ్గించడానికే. రెండోది, స్టీరింగ్ మీద ఎప్పుడైనా రబ్బరు కవర్ తొడిగి ఉంటే, రబ్బరును గట్టిపరచడానికి కలిపే థయురామ్ లాంటి రసాయనాలు. మూడోది మీ తడి వైప్స్. కొన్నింటిలో అవి పాడవకుండా మిథైల్ ఐసోథయజోలినోన్ కలుపుతారు. అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ వైద్యుల సంఘం 2013లో ఆ ఏటి అలర్జీ పదార్థంగా ప్రకటించింది దీన్నే. వైప్‌తో తుడిచి అలాగే వదిలేస్తే, ఆ రసాయనం స్టీరింగ్ మీద ఉండిపోయి మీ చేతికే అంటుతుంది. మీ వైప్స్ ప్యాకెట్ వెనక ఈ పేరు ఉందేమో ఒకసారి చూడండి.

అయినా, స్టీరింగే దోషి అని ఇప్పుడే తేల్చేయకండి. రోజుకు 24 గంటల్లో మీ చేతులు దాని మీద ఉండేది రెండు గంటలే. మిగతా సమయంలో ఎన్నిసార్లు చేతులు కడుగుతున్నారు? గిన్నెలు తోమడం, బట్టలు ఉతకడం మీరే చేస్తారా? జిమ్‌లో ఇనుప బార్లు, రబ్బరు పిడులు పట్టుకుంటారా? ఇలా ఆలోచించమని చెబితే నా దగ్గరికి వచ్చే డ్రైవర్లు మొదట కొట్టిపారేస్తారు. ఒకాయన అలాగే స్టీరింగ్ కవర్ రెండుసార్లు మార్చారు, చేతులు తగ్గలేదు. చివరికి తేలింది ఏమిటంటే, కారు కడిగే ఘాటైన షాంపూను ఆయన రోజూ ఉత్త చేతులతో కలుపుతున్నారు.

మచ్చలు ఎక్కడ ఉన్నాయో కూడా చూసుకోండి. స్టీరింగ్ వల్ల అయితే పట్టు బిగిసే చోట ఎక్కువగా ఉండాలి. అంటే వేళ్ల మొదళ్లు, వేళ్ల లోపలి వైపు, బొటనవేలి కింది కండ. మీరు ఎక్కువగా ఒకే చేత్తో నడిపితే ఆ చేయి ఎక్కువ పాడవ్వాలి. చేతి వెనక, మణికట్టు, ఉంగరం కింద ఎక్కువగా ఉంటే సబ్బు మీద అనుమానం పెరుగుతుంది. ఒకటి రెండు రోజులు కారు తీయకపోతే ఏమీ తెలియదు. అరచేతి చర్మం మందం కాబట్టి మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

అలర్జీ ఉందో లేదో తేల్చేది ప్యాచ్ టెస్ట్. 1895లో యాడసోన్ అనే చర్మవైద్యుడు ప్రవేశపెట్టిన పద్ధతి, ఇప్పటికీ దీనికి సాటి లేదు. సూదులు ఉండవు. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న బిళ్లలుగా వీపు మీద అంటించి 48 గంటలు ఉంచుతారు. తీసిన రోజు ఒకసారి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు మరోసారి చూస్తారు. అప్పటిదాకా వీపు తడపకూడదు. రక్తపరీక్షతో ఈ రకం అలర్జీ తెలియదు, దానికి డబ్బు పెట్టకండి.

అసలు ఎగ్జిమా కాకపోవచ్చు కూడా. ఒక్క చేతికే పొట్టు లేస్తూ పాదాలకు కూడా అలాగే ఉంటే తామర అయి ఉండవచ్చు. రాత్రిళ్లు దురద పెరిగి, ఇంట్లో వాళ్లకూ మొదలైతే గజ్జి. మందంగా పొలుసులు కట్టి, మోచేతులకూ గోళ్లకూ మార్పు వస్తే సోరియాసిస్. వీటికి మందులు వేరు.

పొట్టు ఒంట్లోకి వెళ్తే ఏమవుతుందని భయపడ్డారు కదా. అది అరిగిన పూత, రంగు. చర్మం గుండా లోపలికి ఇంకే రూపంలో ఉండదు. క్రోమియం క్యాన్సర్ కలిగిస్తుందని ఎక్కడో చదివి ఉంటారు. అది ఫ్యాక్టరీల్లో ఆరు సంయోజకత క్రోమియం పొగ, దుమ్ము ఏళ్ల తరబడి పీల్చిన కార్మికుల గురించిన మాట. స్టీరింగ్ పట్టుకోవడం వల్ల ఆ ప్రమాదం రాదు. ఏదైనా తినే ముందు చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలు స్టీరింగ్‌ను నోట్లో పెట్టుకోకుండా చూడండి. అంతకు మించి భయం అక్కర్లేదు.

ఇక శుభ్రం చేసే పద్ధతి. కారును నీడలో ఆపి, ఇంజన్ కట్టేసి, స్టీరింగ్ చల్లబడనివ్వండి. మీ చేతులకు పగుళ్లున్నాయి కాబట్టి తేలికపాటి గ్లవ్స్ వేసుకోండి, రబ్బరు మీద అనుమానం ఉంటే నైట్రైల్‌వి కాకుండా వినైల్‌వి తీసుకోండి. గిన్నెడు గోరువెచ్చని నీళ్లలో ఘాటు లేని, వాసన లేని లిక్విడ్ సోప్ నాలుగైదు చుక్కలు కలపండి. మైక్రోఫైబర్ గుడ్డను ముంచి, నీరు కారకుండా గట్టిగా పిండండి. స్టీరింగ్ మీద నీళ్లు గానీ స్ప్రే గానీ నేరుగా కొట్టకూడదు. లోపల హారన్, స్విచ్‌ల వైరింగ్, ఎయిర్‌బ్యాగ్ ఉంటాయి. చేతులు ఎక్కువగా పట్టుకోని కింది భాగంలో ముందు కొంచెం తుడిచి, రంగు ఊడి వస్తోందేమో చూడండి. రాకపోతే చుట్టూ కొంచెం కొంచెంగా, రుద్దకుండా తుడవండి. కుట్ల మధ్య మురికికి మెత్తటి టూత్ బ్రష్ చాలు. గుడ్డ నల్లబడ్డప్పుడల్లా మడత మార్చండి. చాలామంది మరిచిపోయేది తర్వాతి పని: సబ్బు మిగలకుండా, ఉత్త నీళ్లలో పిండిన మరో గుడ్డతో రెండుసార్లు తుడవాలి. మిగిలిన సబ్బు మళ్లీ మీ చేతికే ఎక్కుతుంది. చివరికి పొడిగుడ్డతో ఒత్తి, పూర్తిగా ఆరాకే కారు తీయండి.

ఇలా తుడిచాక జిగట పోతే అది పేరుకున్న చెమట, నూనె. రెండు వారాలకోసారి ఇదే పద్ధతిలో తుడిస్తే సరిపోతుంది, మధ్యలో పొడిగుడ్డ చాలు. తుడిచిన మర్నాటికే మళ్లీ జిగట వస్తే పూతే చెడిపోయిందని అర్థం. దాన్ని ఎంత కడిగినా లాభం లేదు, కడిగిన కొద్దీ పొట్టు రాలుతుంది. బ్లీచ్, అమోనియా ఉన్న ద్రవాలు, తెల్లటి మెలమైన్ స్పాంజి వాడకండి. ఆ స్పాంజి చూడటానికి మెత్తగా ఉన్నా గరుకు కాగితంలా పూతను గీకేస్తుంది. మెరుపు కోసం రాసే సిలికాన్ పాలిష్ కూడా స్టీరింగ్‌కు వద్దు, మలుపులో చేయి జారితే ప్రాణాల మీదికి వస్తుంది.

క్రిముల భయం గురించి ఒక మాట. స్టీరింగ్ మీద ఉండేవి ఎక్కువగా మీ సొంత చర్మం మీద బతికే బాక్టీరియానే. వాటితో మీ దురదకు సంబంధం ఉందని నేను అనుకోను. ఇంకెవరైనా నడిపినప్పుడు, ఇంట్లో జ్వరం, దగ్గు ఉన్నప్పుడు పైన చెప్పినట్టు సబ్బు నీటితో తుడిచి, కారు దిగాక చేతులు కడుక్కుంటే చాలు. శానిటైజర్ తప్పనిసరి అయితే చేతులకే రాసుకుని, పూర్తిగా ఆరాక, అంటే కనీసం 20 నుంచి 30 సెకన్లు ఆగి, స్టీరింగ్ ముట్టుకోండి.

మీ స్టీరింగ్ ఇప్పటికే పొట్టు రాలుతోంది కాబట్టి, దానికి కొత్త తోలు గానీ రెక్సిన్ గానీ కుట్టించడమే నేను కోరేది. పాత తోలును మీరే గరుకు కాగితంతో గీకి రంగు వేయకండి, ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు. మధ్యలో ఉన్న ఎయిర్‌బ్యాగ్ మూతకు రంగు, కవర్, స్టిక్కర్ ఏదీ పెట్టకూడదు, దాన్ని విప్పే పని తెలిసినవాళ్లే చేయాలి. కవర్ తొడిగితే అది స్టీరింగ్ మీద ఇసుమంత కూడా తిరగకూడదు. వీలైతే కుట్టించే ముందే ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. క్రోమియం అలర్జీ తేలితే తోలు బదులు రెక్సిన్ వేయించుకోవచ్చు. తోలు డ్రైవింగ్ గ్లవ్స్ కొందామని కూడా తొందరపడకండి, వాటిలోనూ అదే క్రోమియం ఉండవచ్చు.

చేతులకు ఇప్పుడు చేయాల్సింది తేలికే, కాకపోతే వదలకుండా చేయాలి. సబ్బు బిళ్ల బదులు వాసన లేని, పీహెచ్ తక్కువ ఉన్న క్లెన్సర్ వాడండి. వేడినీళ్లు వద్దు. కడిగిన ప్రతిసారీ తడి ఒత్తుకుని, కొంచెం తేమ ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. రాత్రి పెట్రోలియం జెల్లీ దట్టంగా పట్టించి నూలు గ్లవ్స్ వేసుకుని పడుకుంటే పగుళ్లు బాగా పూడతాయి. పగలు జిడ్డుగా ఉండే ఆయింట్‌మెంట్ రాసుకుంటే కారు ఎక్కడానికి కనీసం పావుగంట ముందే రాసి, మిగిలిన జిడ్డు తుడిచేయండి. లేకపోతే అది స్టీరింగ్‌కే చేరుతుంది, పట్టు కూడా జారుతుంది. అరచేతులకు చెమట విపరీతంగా పడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, దానికి వేరే చికిత్స ఉంది.

ఎరుపు, దురద తగ్గడానికి కొన్ని రోజులు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ అవసరం పడవచ్చు. అది ఎంత ఘాటుది, ఎన్ని రోజులు అన్నది చేతులు చూసిన డాక్టరే రాయాలి. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు సొంతంగా తెచ్చి రాయకండి. తామర ఉన్నవారికి అవి పైకి తగ్గినట్టు చూపించి లోపల పెంచుతాయి, తర్వాత గుర్తుపట్టడం మాకూ కష్టమవుతుంది.

మూడు నెలలు ఓపిక పట్టారు, ఇక ఆలస్యం వద్దు. పగుళ్లలో చీము, వాపు, చేయి పైకి పాకే ఎర్రటి గీత, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టర్‌ను కలవండి. అవేవీ లేకపోయినా రెండు వారాల్లోపు ఒక చర్మవైద్య నిపుణుడికి చేతులు చూపించండి. వెళ్లేటప్పుడు స్టీరింగ్ ఫొటో, వైప్స్ ప్యాకెట్, మీరు వాడే సబ్బు, క్రీముల పేర్లు వెంట తీసుకెళ్లండి. అరచేతుల ఫొటోలు కూడా ఈ రోజు నుంచే వారానికోసారి తీసి పెట్టుకోండి.