డ్రయర్ తిరుగుతోంది, బట్టలు ఆరడం లేదు!

ప్రశ్న: మా ఎలక్ట్రిక్ డ్రయర్ కొని ఏడేళ్లయింది. తడి గాలిని గొట్టం గుండా గోడ బయటికి వదిలే రకం. ఇదివరకు గంటలో ఆరే బట్టలు ఇప్పుడు రెండు గంటలైనా చెమ్మగానే ఉంటున్నాయి. డ్రమ్ము తిరుగుతోంది, లోపల చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతోంది. మెకానిక్ గాలిని వేడిచేసే కాయిల్ మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?

జవాబు: ఆగండి. కాయిల్ తెగితే చాలా మిషన్లలో వేడి మొత్తంగా పోతుంది, గోరువెచ్చగా మిగలదు. మీరు చెప్పినదాన్ని బట్టి ముందు అనుమానించాల్సింది గాలి దారిని.

గాలి సరిగా కదలకపోతే వేడంతా కాయిల్ దగ్గరే పోగుపడుతుంది. అక్కడున్న హై లిమిట్ థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది, చల్లబడ్డాక మళ్లీ కలుపుతుంది. కాయిల్ దగ్గర మాడిపోతుంటే బట్టల దగ్గర గోరువెచ్చగానే ఉంటుందన్నమాట. ఇలాంటప్పుడు కొత్త కాయిల్ వేసినా ఒరిగేదేమీ ఉండదు.

మొదట నూగు పట్టే జాలీ తీయండి. పైకి శుభ్రంగా కనిపిస్తే సరిపోదు. కుళాయి కింద పట్టి చూడండి. నీళ్లు జలజలా కారిపోతే మంచిదే. జాలీ మీద నిలిచిపోతే, బట్టలు మెత్తగా ఉండటానికి వేసే డ్రయర్ షీట్ల జిడ్డు పొరగా పట్టిందని అర్థం. ఆ పొర కంటికి ఆనదు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, బాగా ఆరాకే తిరిగి పెట్టండి. జాలీ కూర్చునే గాడిలోకి టార్చి వేస్తే, అడుగున పేరుకున్న నూగు కూడా కనబడుతుంది.

తర్వాత అసలు పరీక్ష. ప్లగ్గు తీసి, మిషన్ని ముందుకు జరిపి, వెనక గొట్టం క్లాంపు వదులు చేసి ఊడదీయండి. ఒకట్రెండు తడి తువ్వాళ్లు వేసి, మళ్లీ ప్లగ్గు పెట్టి, ఎక్కువ వేడి మీద 15 నిమిషాలు నడపండి. గ్యాసు డ్రయరైతే మాత్రం గొట్టం తీసి నడపకూడదు, విషవాయువు గదిలో చేరుతుంది. వెనక రంధ్రం దగ్గర థర్మామీటర్ పెడితే సుమారు 55 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉండాలి. గాలి జోరుగా, వేడిగా వచ్చిందా, మిషన్ నిక్షేపంలా ఉన్నట్టే. తప్పు గొట్టానిది.

గొట్టం వ్యాసం 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు. 90 డిగ్రీల మలుపు ఒక్కోటీ సుమారు ఒకటిన్నర మీటర్ల తిన్నని గొట్టమంత అడ్డు. మిషన్ని గోడకు నెట్టినప్పుడు గొట్టం నలిగితే మరీ కష్టం. ముడతల ప్లాస్టిక్ గొట్టం ఉంటే ఈ వంకన తీసేయండి. ముడతల్లో నూగు చేరుతుంది, నూగుకు ఇట్టే నిప్పంటుకుంటుంది. గట్టి అల్యూమినియం గొట్టం వేయించండి. మిషన్ నడుస్తుండగా గోడ బయట గొట్టం కొసనున్న రెక్క పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడండి. పిట్టలు దూరకుండా దానికి సన్నని వల బిగించేవాళ్లున్నారు. నెల తిరక్కుండానే ఆ వల నూగుతో మూసుకుపోతుంది.

గాలి జోరు బాగున్నా వేడి చాలకపోతే అప్పుడు కాయిల్ మాట. ప్లగ్గు తీసేసి, కాయిల్ వైర్లు రెండూ విడదీసి మల్టీమీటర్‌తో చూడండి. 230 వోల్టుల మీద 2500 వాట్ల కాయిలైతే 21 ఓమ్‌ల దరిదాపుల్లో చూపాలి. రెండు కాయిళ్లున్న మోడల్లో ఒకటి తెగినా వేడి సుమారు సగమే వస్తుంది, కాబట్టి విడివిడిగా చూడాలి. కాయిల్ ఏ కొసకైనా, చుట్టూ ఉన్న రేకుకూ మధ్య కంటిన్యూటీ (కరెంటు పారే దారి) చూపిస్తే కాయిల్ జారి రేకును తాకుతోంది, మార్చాల్సిందే. కాయిల్ బాగుంటే మిగిలింది థర్మోస్టాట్ లేదా వేడిని పసిగట్టే థర్మిస్టర్. చాలా డ్రయర్లలో వాడే థర్మిస్టర్‌ను వేళ్ల మధ్య పట్టుకుంటే ఓమ్‌లు నెమ్మదిగా తగ్గాలి, కదలకపోయినా ఎగిరెగిరి పడినా పాడైనట్టే.

వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజు పోయిందని వైరు ముక్కతో కలిపేసే వాళ్లకు మిషన్ అప్పగించకండి. అది పోవడానికి కారణం చాలాసార్లు ఆ మూసుకున్న గొట్టమే.

ప్రశ్న: కొత్తగా హీట్ పంప్ డ్రయర్ కొన్నాం. పాతదానిలా బట్టలు సెగలు కక్కుతూ రావడం లేదు. లోపమా?

జవాబు: కాదు. ఇది గాలిని బయటికి వదలకుండా అదే వేడిని తిప్పితిప్పి వాడుకుంటూ 50 డిగ్రీల ప్రాంతంలోనే ఆరబెడుతుంది, అందుకే కరెంటు తక్కువ తీసుకుంటుంది. టైము ఎక్కువ పడుతుంది. బట్టల్ని ముట్టుకుంటే వేడిగా ఉన్నాయా అని కాక, పొడిగా ఉన్నాయా అని చూడండి. ఉతికే మిషన్లో 600 ఆర్‌పీఎంకి బదులు, బట్టలు తట్టుకునేవైతే, 1200 మీద పిండితే ఇక్కడ చాలా టైము మిగులుతుంది.

ప్రశ్న: ఉదయం బాగా ఆరే బట్టలు సాయంత్రం వేస్తే ఆరవు. డ్రయర్‌కు వేళలేమిటి?

జవాబు: డ్రయర్‌కు లేవు, వోల్టేజీకి ఉంటాయి. 230 వోల్టులు రావాల్సిన చోట 200 వస్తే కాయిల్ వేడి నాలుగో వంతు పడిపోతుంది. మిషన్ వేడెక్కుతుండగా సాకెట్ దగ్గర వోల్టేజీ కొలిపించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడుపుతుంటే ముందు దాన్ని తీసేయండి. అరగంట నడిచాక ప్లగ్గు పిన్నులు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే సాకెట్ లోపల వదులుంది. అది మార్పించేదాకా మిషన్ వేయొద్దు.