ఖాళీ గడి గురించి, చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నర్సింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోసం మన ఊరి బాలికల హాస్టల్లో 64 మందికి హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తావట. ఆ లెక్కలు ఎక్సెల్‌లో వేసి, వచ్చే నెల డాక్టరు గారి ముందు, తల్లిదండ్రుల ముందు నువ్వే నిలబడి చెప్తావట. ఎంత సంతోషమైందో! పదో తరగతిలో సాంఖ్యక శాస్త్రం పాఠం దగ్గర కూర్చుని ఏడ్చిన పిల్లవి. మధ్యగతం ఎవరికి కావాలి పెద్దమ్మా అని నా మీద విసుక్కున్నావు. కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు గణాంక శాఖలో పనిచేశాను. లెక్క ఎక్కడ జారిపోతుందో నాకు తెలుసు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

సులువైనవి ముందు చెప్పేస్తాను. ఒక్కో అమ్మాయికి ఒక్కో అడ్డు వరుస, ఒక్కో వివరానికి ఒక్కో నిలువు వరుస. గడిలో 11.2 అని అంకె మాత్రమే కొట్టు. పక్కన గ్రాములు అని చేర్చావంటే ఎక్సెల్ దాన్ని మాట అనుకుంటుంది, ఏ లెక్కలోనూ కలపదు. అంకెలు గడిలో కుడివైపుకి, మాటలు ఎడమవైపుకి ఒదుగుతాయి. వరుస మీద ఒక్కసారి చూపు పారిస్తే దారి తప్పినవి కనిపిస్తాయి. చుక్కకి బదులు గీత పెట్టి 11-2 అని కొట్టావనుకో, అది తేదీ అయిపోతుంది. తేదీ అంటే దాని లోపల నలభై వేలు దాటిన సంఖ్య, దాంతో నీ సగటు వందల్లోకి పోతుంది. అందుకని సగటు కంటే ముందు మినిమమ్, మాక్సిమమ్ చూడు. చుక్క మరిచి 112 అని కొట్టినా అక్కడే దొరుకుతుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 112 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న పిల్ల ఎక్కడా ఉండదు. సార్ట్ చేసేటప్పుడు పట్టిక మొత్తం ఎంచుకో. ఒక్క వరుసనే సార్ట్ చేస్తే ఒకమ్మాయి రక్తం ఇంకో అమ్మాయి పేరు పక్కన పడుతుంది. అసలు షీట్ ముట్టుకోకు, కాపీ మీదే పని చెయ్యి.

ఇక నన్ను పడుకోనివ్వని సంగతి. యావరేజ్ ఫార్ములా ఖాళీ గడిని వదిలేస్తుంది. అక్కడ గీత పెట్టినా, లేదు అని రాసినా వదిలేస్తుంది. సున్నా వేస్తే మాత్రం కలుపుకుంటుంది.

ఊరు యూనిట్‌గా పంటల బీమా నడుస్తున్న రోజులు. వరికి ఊరికి నాలుగు పంట కోత ప్రయోగాలు చేసేవాళ్లం. ర్యాండమ్‌గా సర్వే నంబరు తీసి, ఆ పొలంలో అయిదు మీటర్లకి అయిదు మీటర్లు కొలిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి తాడు కట్టేవాళ్లం. ఆ చదరంలో పంట కోయించి, నూర్పించి, గింజలు తూచేవాళ్లం. ఆ బరువుని 400తో హెచ్చిస్తే హెక్టారు దిగుబడి. ఊరి సగటు, హామీ దిగుబడి కంటే తగ్గితేనే రైతులకి పరిహారం. నాకు ఆ పనంటే ఇష్టం. బురదలో దిగి నిలబడితే తడి గడ్డి వాసన, కొడవళ్ల చప్పుడు, అందరూ కాటా వైపే చూస్తూ మాట్లాడటం మానేసే ఆ ఒక్క నిమిషం ఇప్పటికీ గుర్తొస్తాయి.

ఆ ఏడు మూడు పొలాల్లో 9.2, 10.1, 8.9 కిలోలు తూగాయి. నాలుగోది మురుగు కాలువ పక్కన పల్లపు పొలం. కోతకి వారం ముందు వానలు పడి చేను నీళ్లలోనే కుళ్లిపోయింది. కాగితం మీద ‘పంట లేదు’ అని రాసుంది. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని, ఆ నాలుగో గడిలో చిన్న గీత పెట్టాను. సగటు 9.4 వచ్చింది. అంటే హెక్టారుకి 3,760 కిలోలు. హామీ దిగుబడి 3,400. పోన్లే, ఊరు గట్టెక్కింది అనుకుని పంపేసి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

నాలుగు నెలల తర్వాత ఆ పల్లపు పొలం రైతు వచ్చాడు, పెద్దాయన. “నా పొలంలో తాడేసి కొలిచారు కదమ్మా, మరి నా పొలం లెక్కలో ఎక్కడుంది?” అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు. చూపిద్దామని ఫైలు తెరిచి ఆ గీత చూశాను. చేతులు చల్లబడిపోయాయి. గీత తీసి సున్నా కొట్టాను. సగటు 7.05కి పడింది. హెక్టారుకి 2,820 కిలోలు. హామీ కంటే 580 తక్కువ. అంటే ఊళ్లో బీమా ఉన్న ప్రతి రైతుకీ బీమా మొత్తంలో వందకి 17 రూపాయల చొప్పున రావాల్సింది. పైకి రాశాను. రెండుసార్లు స్వయంగా వెళ్లి అడిగాను. గడువు దాటిపోయిందన్నారు. తప్పు నాది, ఎవర్నీ ఏమీ అనలేకపోయాను. ఆ సంగతి పెద్దాయనకి చెప్పిన రోజు కూడా ఆయన నాకు నమస్కారం పెట్టే వెళ్లాడు. ఇన్నేళ్లుగా ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నీ దగ్గర ఇది తిరగబడుతుంది, జాగ్రత్త. నా నాలుగో గడిలో సున్నా ఉండాల్సింది. పరీక్ష రోజు రాని అమ్మాయికి నువ్వు సున్నా వేస్తే అది అబద్ధం, ఆ గడి ఖాళీగానే ఉండాలి. కానీ ఎన్ని ఖాళీలున్నాయో నీకు తెలియాలి, అక్కడ కూర్చున్న వాళ్లకీ తెలియాలి. కౌంట్ ఫార్ములా అంకెలున్న గడుల్నే లెక్కపెడుతుంది. 64 రాకుండా 57 వచ్చిందంటే ఏడుగురు ఎవరో పేరు పేరునా వార్డెన్‌ని అడుగు. జ్వరమొచ్చి ఇంటికి పోయినవాళ్లు, కళ్లు తిరిగి గదిలో పడుకున్నవాళ్లు వాళ్లే అయి ఉండొచ్చు. రక్తం తక్కువున్న పిల్లలే రాకపోతే నీ సగటు చక్కగా కనిపిస్తుంది, నా 9.4 లాగే. ఇంకో రోజు మళ్లీ వెళ్లు. బస్సు చార్జీలు నేనిస్తాను. నీరసంగా ఉందని మానేశావంటే నిజంగానే తిడతాను.

సగటు ఒక్కటే చెప్పి కూర్చోకు. ఇద్దరు పిల్లలకి 11, 12 ఉన్నా సగటు 11.5 వస్తుంది, 8, 15 ఉన్నా అదే వస్తుంది. అందుకే విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం కూడా చెప్పాలి. ఎక్సెల్‌లో దానికి STDEV.P, STDEV.S అని ఫార్ములాలు రెండున్నాయి. హాస్టల్ పిల్లలందరినీ పరీక్షించి, వాళ్ల గురించే చెప్తే చివర పి ఉన్నది వాడు. కొందరినే తీసుకుని అందరి గురించి చెప్పాలంటే ఎస్ ఉన్నది. ఒకటి రెండు విలువలు మరీ దూరంగా ఉంటే సగటు అటు వంగుతుంది, విలువల్ని వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో నిలిచే మధ్యగతం అంతగా కదలదు. నువ్వు విసుక్కున్న మధ్యగతమే!

రక్తహీనతకి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 12 ఏళ్లు నిండిన అమ్మాయిలకి 12 గ్రాములు, 5 నుంచి 11 ఏళ్ల వాళ్లకి 11.5. ఆరో తరగతిలో 11 ఏళ్ల వాళ్లుంటారు, వయసు వరుస తప్పకుండా పెట్టు. కౌంట్‌ఇఫ్‌తో హద్దు కంటే తక్కువున్న వాళ్లని లెక్కపెట్టి, తల్లిదండ్రులకి ‘64 మందిలో ఇంతమంది’ అనే చెప్పు. 54.69 శాతం అంటే మన ఊళ్లో ఏ తల్లికి ఏం తెలుస్తుంది? ఎనిమిది కంటే తక్కువ వచ్చిన పిల్ల ఉంటే ప్రెజెంటేషన్ దాకా ఆగకు, ఆ రోజే డాక్టరు గారికి చెప్పు.

చార్ట్ ఒక్కటి చాలు. నిలువు గీత సున్నా నుంచి మొదలైందో లేదో చూసుకో. ఎక్సెల్ ఒక్కోసారి మధ్యలోంచి మొదలుపెట్టి చిన్న తేడాని కొండంత చేస్తుంది.

టెన్షన్ పడకు. రాత్రిళ్లు ఒక్కదానివే కూర్చుని చెయ్యకు, నేను చేసింది అదే. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని, వాళ్లు కాగితం చూసి చదువుతుంటే నువ్వు తెర మీద సరిచూసుకో. ఎవరూ దొరక్కపోతే ఫోన్ చెయ్యి, నేను చదువుతాను. కంటి ఆపరేషన్ అయ్యాక అంకెలు బాగానే కనిపిస్తున్నాయి.

షీట్ నాకు పంపేటప్పుడు పిల్లల పేర్ల వరుస తీసేసి పంపు. తెర మీద చూపించేటప్పుడూ అంతే. ఖాళీ గడులు మాత్రం తీసెయ్యకు, అలాగే ఉంచి పంపు.

మీ పెద్దమ్మ