ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి అప్పు చేసి వెళ్లాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం. వయసు 34. చేతికొచ్చే జీతం 85 వేలు. ఇంటి లోన్, కారు లోన్ ఈఎంఐలతో కలిపి నెల ఖర్చు 70 వేలు. బ్యాంకులో 55 వేలున్నాయి. ఆఫీసు వాళ్ల 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది. అక్టోబరులో నేనూ నా భార్యా ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ చేసి, కాఠ్మాండూ, భక్తపూర్ చూసి రావాలని ప్లాన్. నాలుగేళ్ల బాబును వరంగల్‌లో అమ్మానాన్నల దగ్గర ఉంచుతాం. ఇద్దరికీ 3 లక్షలు. మూడేళ్ల పర్సనల్ లోన్ 14 శాతానికి ఇస్తామంటున్నారు. అది మేలా, గోల్డ్ లోన్ మేలా?

జవాబు: మీరు పంపిన ఖర్చుల షీటు చూశాను. డౌన్ జాకెట్ల అద్దె ఉంది, పోర్టర్ టిప్పు ఉంది, దారిలోని నామ్చే బజార్‌లో ‘యాపిల్ పై’ తినడానికి కూడా ఒక లైను పెట్టారు. ఇన్సూరెన్స్‌కి మాత్రం లేదు. దసరా ముందు నాకొచ్చే ఇలాంటి షీట్లలో చాలావాటిలో ఈ లైనే గల్లంతు. కాబట్టి ఏ లోన్ అన్నది తర్వాత చూద్దాం.

ఆఫీసు పాలసీ సాధారణంగా ఇండియాలో ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. మీరు వెళ్లేది 5,364 మీటర్ల ఎత్తుకి. నడక మొదలయ్యే లుక్లా విమానాశ్రయంలో దిగేసరికే 2,860 మీటర్లు. పైకి వెళ్లేకొద్దీ తలనొప్పి, వాంతులు మొదలై, తగ్గకపోతే కిందికి దింపడం తప్ప మార్గం లేదు. నడవలేని స్థితి వస్తే హెలికాప్టరే. దాని బిల్లు వేల డాలర్లలో ఉంటుంది, మీ మొత్తం బడ్జెట్‌ను మించినా మించుతుంది. డబ్బుకి ఎవరో ఒకరు పూచీ పడితేగానీ అది గాల్లోకి లేవదు.

మామూలు ట్రావెల్ పాలసీ చాలదు. చాలావాటిలో ట్రెక్కింగ్‌కి ఎత్తు పరిమితి ఉంటుంది, కొన్నిట్లో ట్రెక్కింగే ఉండదు. 5,500 మీటర్ల దాకా కవర్, హెలికాప్టర్‌లో తరలింపు, ఈ రెండూ పాలసీ కాగితంలో రాసి ఉన్నాయో లేదో చూడండి. ఏజెంటు నోటిమాట నమ్మొద్దు. నేపాల్‌లో అవసరం లేని రెస్క్యూలు చూపించి క్లెయిములు లాగిన బాగోతం 2018లో బయటపడింది. కాబట్టి హెలికాప్టర్ పిలిచే ముందే బీమా కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకి చెప్పాలి. లేకపోతే క్లెయిము దగ్గర పేచీ.

ఇక లోన్. 3 లక్షలకు ఈఎంఐ సుమారు 10,250, మూడేళ్లలో వడ్డీ 69 వేలు. మీకు నెలకు మిగిలేది 15 వేలు. అది కాస్తా ఐదు వేల లోపుకి పడిపోతుంది. నెల ఖర్చుకి కూడా చాలని 55 వేలు పెట్టుకుని విహారయాత్రకి అప్పు చేయడం ఏం లెక్కండీ? లుక్లాలో మబ్బు పట్టి రెండ్రోజులు విమానం ఎగరకపోయినా, అదనపు గదుల అద్దె, తప్పిపోయిన రిటర్న్ టికెట్ మళ్లీ క్రెడిట్ కార్డు మీదే పడతాయి. గోల్డ్ లోన్‌కి వడ్డీ తక్కువే కావచ్చు, కట్టలేకపోతే నగలు వేలానికి పోతాయి. పీఎఫ్ జోలికి అసలు వెళ్లకండి.

ఆ 15 వేలూ ఏడాది పాటు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 1.8 లక్షలు. ఉన్న 55 వేలతో కలిపి మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. దాన్ని కదపకుండా, ఆ తర్వాత పోగైన డబ్బుతో బేస్ క్యాంప్‌కి వెళ్లండి. అంతదాకా ఆగలేమంటే, ఈ మూడు నెలల నిధి పూర్తయ్యాక బోనస్ డబ్బుతో పోఖరా వైపు ఘాంద్రుక్, పూన్ హిల్ చూసి రండి. 3,210 మీటర్లే, నాలుగైదు రోజుల నడక, గురుంగ్ తెగవాళ్ల ఊళ్లు, ఖర్చూ తక్కువ.

ఒకటి మాత్రం ఆగదు. ఇంటి లోన్ ఉంది, నాలుగేళ్ల బాబు ఉన్నాడు, మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) ఊసే లేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. ఫారంలో ట్రెక్కింగ్ లాంటివి చేస్తారా అని అడిగితే దాచకుండా రాయండి.