ఫొటోలో దాగిన తేదీ

ప్రశ్న: పాత డిజిటల్ కెమెరాతో చంద్రగిరి కోటలోనూ, తలకోనలోనూ మా నాన్నగారు తీసిన ఫొటోలను కంప్యూటర్‌లోకి కాపీ చేస్తే, అన్నింటికీ కాపీ చేసిన తేదీయే కనిపిస్తోంది. తీసిన రోజు, చోటు తెలుసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తేదీ తెలుసుకోవచ్చమ్మా. మీరు చూస్తున్నది ఫైలు కంప్యూటర్‌కు చేరిన తేదీ. తీసిన తేదీ, షట్టర్ వేగం, కెమెరా మోడల్ వంటి వివరాలను కెమెరా ఫొటో ఫైలులోనే రాసిపెడుతుంది. 1995లో జపాన్‌లో రూపొందిన ఈ పద్ధతిని ఎగ్జిఫ్ అంటారు. విండోస్‌లో ఫొటోపై మౌస్ కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్ తెరిస్తే ‘డేట్ టేకెన్’ కనిపిస్తుంది. మ్యాక్‌లో అయితే ప్రివ్యూలో ఫొటో తెరిచి, టూల్స్ మెనూలో షో ఇన్‌స్పెక్టర్ ఎంచుకోవాలి.

అయితే ఆ తేదీ కెమెరా గడియారం చెప్పినదే. బ్యాటరీ పూర్తిగా అయిపోయి గడియారం మొదటికి వచ్చిన కెమెరాలో తీసినవాటికి తప్పుడు సంవత్సరం పడుతుంది కనుక, తేదీ కచ్చితంగా గుర్తున్న పెళ్లి ఫొటో ఒకదానితో పోల్చి చూడండి.

చోటు సంగతి వేరు. జీపీఎస్ లేని పాత కెమెరాలు దాన్ని నమోదు చేయవు. లొకేషన్ అనుమతి ఉన్న ఫోన్‌తో తీస్తే మాత్రం అక్షాంశం, రేఖాంశం నమోదవుతాయి. తిరుపతిలో తీసినదైతే సుమారు 13.6, 79.4 అని ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోల్లో ఈ వివరాలు తొలగిపోతాయి కాబట్టి, బంధువుల దగ్గరున్న ఫొటోలను డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.